వాడేవారిని ఏమని అడగాలి? యాప్ సర్వే ప్రశ్నలపై తరచుగా వచ్చే సందేహాలు

తిరుపతిలో కళాశాల ప్రాజెక్టుల కోసం యాప్‌లు తయారుచేసే విద్యార్థులు, చిత్తూరు వైపు పాల సేకరణకో మామిడి అమ్మకాలకో సాఫ్ట్‌వేర్ రాసే చిన్న బృందాలు తమ సర్వే ఫారమ్‌లు చూసిపెట్టమని నాకు పంపుతుంటారు. ఫారమ్‌లు మారినా సందేహాలు దాదాపు అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. పని జరిగే క్రమంలో విభాగాలు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. అన్నిటి వెనుకా నా పట్టుదల ఒక్కటే. ఎదుటివారి మనసు నొప్పించకూడదని జవాబు చెప్పేవారు మన దగ్గర చాలామంది. వారు మొహమాటపడకుండా "ఇక్కడ ఇబ్బంది పడ్డాను" అని చెప్పగలిగేలా ప్రశ్న రాయడం అడిగేవారి బాధ్యత.

## ప్రశ్నలు రాయడానికి ముందు

మాకు సర్వేనే కావాలా, నలుగురితో మాట్లాడితే సరిపోతుందా?

ఇబ్బంది ఏమిటో ఇంకా తెలియకపోతే మాట్లాడండి. ఏమిటో తెలిసి, ఎంతమందికి ఉందో తెలియకపోతే సర్వే చేయండి. బస్సు టికెట్ల యాప్‌లో డబ్బు చెల్లించే దశలో జనం ఆగిపోతున్నారనుకుందాం. కారణం తెలియకుండా ఆప్షన్లు రాస్తే మన ఊహలనే వారి నోట పలికించినట్టు అవుతుంది. ముందు తిరుపతి బస్టాండులో కొందరు ప్రయాణికుల పక్కన కూర్చుని, వారి ఫోనులో వారే టికెట్ తీసుకుంటుంటే చూడండి. ఓటీపీ చూడటానికి వేరే తెరకు వెళ్లి తిరిగి రాలేకపోవడం, ఆ ఓటీపీ వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్లడం, సీట్ల బొమ్మ అర్థం కాకపోవడం వంటివి అక్కడ తెలుస్తాయి. అవి చేతికి వచ్చాక ఆప్షన్లుగా పెట్టి వందలమందిని అడగవచ్చు. ఎన్ని బుకింగులు మధ్యలో ఆగాయో మీ సర్వరులోనే నమోదై ఉంటే, ఆ సంగతి జనాన్ని అడిగి వారి సమయం తీసుకోవద్దు.

ప్రశ్నలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు తీసుకోవలసిన నిర్ణయం నుంచి. "దర్శనం టోకెన్ సమయాన్ని ఎస్ఎంఎస్‌లో పంపాలా, వాట్సాప్‌లో పంపాలా?" అన్నంత స్పష్టంగా దాన్ని కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత ప్రతి ప్రశ్న పక్కనా రెండు వాక్యాలు రాయండి: జవాబు ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం. రెండు వాక్యాలూ ఒకేలా ఉంటే ఆ ప్రశ్న తీసేయండి. నాకు వచ్చే ఫారమ్‌లలో వయసు, చదువు, వృత్తి, నెలసరి ఆదాయం అలవాటుగా మొదటి పేజీ నింపేస్తాయి. ఆదాయాన్ని బట్టి యాప్‌లో ఏమీ మార్చనప్పుడు దాన్ని అడిగే హక్కు మనకు ఎక్కడిది?

సర్వేలో ఎన్ని ప్రశ్నలు ఉండవచ్చు?

అంకె కంటే సమయం చూసుకోండి. ఫోనులో, నిలబడి, మూడు నాలుగు నిమిషాల్లో పూర్తయ్యేలా ఉంటే చాలామంది చివరిదాకా వస్తారు. అంతకు మించితే విసుగుతో అన్నిటికీ ఒకే గడి నొక్కుకుంటూ పోతారు. అలాంటి జవాబు లెక్కలోకి చేరి మిగతావాటినీ పాడుచేస్తుంది. ఏ ప్రశ్న తీయాలో తేలకపోతే, ఒక్క ప్రశ్నే అడిగే అవకాశం ఉంటే ఏది అడుగుతారో ముందు నిర్ణయించుకోండి. అక్కడి నుంచి ఒక్కొక్కటి చేర్చుకుంటూ రావడం, ఉన్నవాటిని కత్తిరించడం కంటే తేలిక.

ఐదుగురు చాలని కొందరు, నాలుగు వందలమంది కావాలని కొందరు అంటున్నారు. ఏది నిజం?

అవి రెండు వేర్వేరు పనుల లెక్కలు. ఐదుగురు చాలన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవారు జేకబ్ నీల్సన్, వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటానికి ఎంత సులువో పరిశీలించే నిపుణుడు. యాప్ వాడుతున్న మనిషిని పక్కనుండి గమనించే పరీక్షకు అది వర్తిస్తుంది, ఎందుకంటే పెద్ద ఇబ్బందులు మొదటి కొద్దిమందిలోనే బయటపడతాయి. ఎంత శాతం మందికి ఆ ఇబ్బంది ఉందో చెప్పాలంటే సర్వే లెక్క వేరు. ఎవరినీ ఏరకుండా యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు, 95 శాతం నమ్మకంతో (అంటే అలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు నిజం ఈ హద్దుల్లోనే ఉంటుందన్నంత), 100 మంది జవాబుల్లో సుమారు 10 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చు. 400 మందితో అది 5 శాతానికి, 1,000 మందితో 3 శాతానికి దగ్గరవుతుంది. తేడాను సగానికి తగ్గించాలంటే నాలుగింతల మంది కావాలి.

యాదృచ్ఛికంగా ఎంచుకోవడం అన్న షరతు పోతే ఈ అంకెలన్నీ పోతాయి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటిమందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని పత్రిక ప్రకటించింది, ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. చిరునామాలను టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకోవడం ఒక కారణం, తిరిగి పంపినవారు పంపనివారి కంటే భిన్నంగా ఆలోచించడం మరొక కారణం. తిరుపతిలో మీ తరగతి గ్రూపు నుంచి వెయ్యి జవాబులు వచ్చినా, అవి మీ తరగతి చుట్టూ ఉన్నవారి జవాబులే.

## ప్రశ్న రాసేటప్పుడు

"మా యాప్ మీకు నచ్చిందా?" అని అడిగితే అందరూ నచ్చిందనే అంటున్నారు. ఎందుకు?

మొహమాటం వల్ల. చదువుకునే పిల్లవాడు ఫోను చేతికిచ్చి, తాను కష్టపడి చేసిన యాప్ ఎలా ఉందని అడిగితే, పెద్దవారు "బాగుంది నాయనా" అనే అంటారు. వారు మెచ్చుకున్నది మీ శ్రమను. యాప్ సంగతి ఆ జవాబులో లేదు. అడిగినదానికల్లా ఔననే ధోరణి ప్రపంచమంతటా సర్వేలు చేసేవారికి తెలిసినదే. అడిగే మనిషికీ చెప్పే మనిషికీ మధ్య గౌరవమో, ఉపకారమో, భయమో ఉన్నచోట అది మరింత బలపడుతుంది.

విరుగుడు ప్రశ్నలోనే ఉంది. అభిప్రాయం బదులు జరిగిన సంగతి అడగండి: "చివరిసారి ఈ యాప్‌లో గది బుక్ చేసినప్పుడు ఏ దశలో ఎక్కువ సమయం పట్టింది?" దశ పేరు చెబితే ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు కాబట్టి నోరు తెరుచుకుంటుంది. ఇబ్బంది పడటం మామూలేనని ముందుగా తెలియజేయవచ్చు: "కొందరికి ఏ ఇబ్బందీ ఎదురుకాదు, కొందరికి ఏదో ఒక దశలో ఎదురవుతుంది. మీకు ఎలా జరిగింది?" దాని కింద దశల పేర్లతో పాటు "ఏ ఇబ్బందీ ఎదురుకాలేదు" అనే ఆప్షను తప్పక ఉండాలి. అది లేకపోతే ఈసారి లేని ఇబ్బందిని మనమే అంటగట్టినవాళ్లమవుతాం. వీలైతే ఆ యాప్ పనిలో లేని మనిషి చేత అడిగించండి. యాప్ చేసినవారు ఎదురుగా నిలబడి ఉండగా తప్పు చెప్పడానికి చాలామందికి మనసొప్పదు.

"ఈ సదుపాయం పెడితే వాడతారా?" అని అడగవచ్చా?

అడగవచ్చు, వచ్చిన జవాబు మీద డబ్బు పెట్టకూడదు. రేపటి తమ ప్రవర్తనను ఊహించడం ఎవరికైనా కష్టమే. పైగా ఉచితంగా వచ్చేదాన్ని వద్దనడానికి కారణం కనిపించదు. చిత్తూరు జిల్లా మామిడి రైతులను "రోజూ ధరలు తెలిపే యాప్ ఇస్తే వాడతారా?" అని అడగండి, దాదాపు అందరూ వాడతామంటారు. అదే ప్రశ్నను గడిచిన కాలానికి మార్చండి: "పోయిన సీజనులో తోతాపురి కాయలు అమ్మే ముందు ధర ఎలా తెలుసుకున్నారు?" మండీలో అడిగాను, గుజ్జు ఫ్యాక్టరీకి ఫోను చేశాను, తోటి రైతులు చెప్పారు, వాట్సాప్ గ్రూపులో చూశాను, పేపర్లో చూశాను, కాయలు దించాకే తెలిసింది. ఈ జవాబుల్లో అసలు విషయం ఉంది. ఎక్కువమంది తోటి రైతుల మాటతోనే తృప్తిగా అమ్ముతుంటే మీ యాప్ తీర్చేది ఏ అవసరమో మళ్లీ ఆలోచించుకోవాలి. కాయలు దించాకే తెలిసినవారు ఎక్కువగా ఉంటే అక్కడ మీకు పని ఉంది.

తర్వాతి ప్రశ్నగా "అలా తెలుసుకున్న ధరకూ, చేతికి వచ్చిన ధరకూ తేడా ఉందా?" అని అడిగితే ఇంకా లోతుకు వెళతారు. పంట అమ్మకాలు ముగిసిన కొద్ది వారాల్లోనే ఈ సర్వే చేయండి. సంక్రాంతికి అడిగితే సగం సంగతులు మరిచిపోయి ఉంటారు.

"ఎంత తరచుగా వాడతారు?" అన్నదానికి వచ్చే జవాబులు నమ్మవచ్చా?

"అప్పుడప్పుడు", "తరచుగా" అని ఆప్షన్లు ఇస్తే నమ్మలేం. పాలు పోసే రైతుకు వారానికి రెండుసార్లు యాప్ తెరవడం తక్కువ, ఏడాదికి ఒకసారి తిరుమల వచ్చే భక్తుడికి నెలకు రెండుసార్లు తెరవడం చాలా ఎక్కువ. కాలాన్ని మీరే గీయండి: "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు ఈ యాప్ తెరిచారు?" అరుదుగా జరిగే పనులకు ఏడాది గడువు పెట్టవచ్చు. నెలల పేర్ల కంటే పండుగలు బాగా గుర్తుంటాయి. "ఉగాది తర్వాత", "బ్రహ్మోత్సవాల తర్వాత" అని ఆనవాలు ఇస్తే జ్ఞాపకం కుదురుకుంటుంది.

ఒకే ప్రశ్నలో రెండు విషయాలు వద్దంటారు. వాటిని ఎలా పట్టుకోవాలి?

"బుకింగ్ వేగంగా, సులభంగా జరిగిందా?" అన్న ప్రశ్నకు వేగంగానే జరిగినా అర్థం కాక తికమకపడిన మనిషి ఏం చెప్పాలి? తెలుగులో ఈ పొరపాటు సులువుగా దాక్కుంటుంది, ఎందుకంటే రెండు మాటలు కలపడానికి విడిగా "మరియు" అక్కరలేదు. "ధరా, నాణ్యతా బాగున్నాయా?" అన్నప్పుడు దీర్ఘాలే ఆ పని చేసేస్తాయి. రాసిన ప్రశ్నలో కామాలు, పదాల చివరి దీర్ఘాలు, "లేదా", "అలాగే" ఉన్నచోటల్లా ఆగి చూడండి.

దారి చూపే ప్రశ్న అంటే ఏమిటి? ఒక్క మాటతో నిజంగా జవాబు మారుతుందా?

మారుతుంది. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదాల దృశ్యాలు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. కార్లు "తాకినప్పుడు" అని అడిగినవారికి వచ్చిన సగటు గంటకు 31.8 మైళ్లు. "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థం వచ్చే మాట వాడితే 40 మైళ్లకు పైగా. దృశ్యం అదే, క్రియాపదం ఒక్కటే మారింది. సర్వేల్లోనూ ఇది కొత్త సంగతి కాదు. బహిరంగ ప్రసంగాల మీద ఒక ప్రశ్నను "అనుమతించాలా?" అని ఒకవిధంగా, "నిషేధించాలా?" అని మరొకవిధంగా అడిగితే జవాబుల్లో పెద్ద తేడా వస్తుందని పరిశోధకుడు డొనాల్డ్ రగ్ 1941లోనే చూపించారు.

మన ఫారమ్‌లలో ఎక్కువగా కనిపించే దారిచూపులు: వాక్యం చివర "కదా", పేరుకు ముందు "సరికొత్త", "మెరుగుపరచిన", "ఎంతో ఉపయోగపడే". "కొత్త చెల్లింపు పద్ధతి మీకు ఎంత సులభంగా అనిపించింది?" అన్నదాంట్లో సులభమన్న తీర్పు ముందే ఉంది. "చెల్లింపు మీకు ఎలా అనిపించింది?" అని అడిగి, చాలా కష్టం నుంచి చాలా సులభం వరకు ఆప్షన్లు ఇవ్వండి. ప్రశ్నలో రెండు వైపులకూ సమానమైన చోటు ఉందా అన్నదే చూడవలసింది.

"మీకు ఓటీపీ రాలేదా?" లాంటి ప్రశ్నలు ఎందుకు వద్దంటారు?

ఈ ప్రశ్నకు "అవును" అంటే రాలేదని కొందరి అర్థం, వచ్చిందని మరికొందరి అర్థం. "లేదు" అన్నా అదే గొడవ. ఎదురుగా ఉంటే గొంతును బట్టి తెలుసుకోవచ్చు, ఫారమ్‌లో ఆ వీలు లేదు. "ఓటీపీ వచ్చిందా?" అని అడిగి, "వచ్చింది", "ఆలస్యంగా వచ్చింది", "రాలేదు" అని పూర్తి మాటల్లో ఆప్షన్లు ఇవ్వండి.

## జవాబుల ఆప్షన్లు, స్కేళ్లు

స్కేలుకు ఐదు మెట్లు పెట్టాలా, ఏడు పెట్టాలా?

రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రచురించిన పద్ధతి నుంచి ఐదు మెట్ల స్కేలు అందరికీ అలవాటైంది. ఏడు మెట్లలో కాస్త సూక్ష్మమైన తేడాలు తెలుస్తాయి, ఐదు మెట్లు చిన్న ఫోను తెర మీద నిలువుగా ఇముడుతాయి. నేను ఫోను సర్వేలకు ఐదే సూచిస్తాను. ఏది ఎంచుకున్నా ప్రతి మెట్టుకూ మాట రాయండి, వట్టి అంకెలు వదలకండి. చాలా కష్టం, కొంచెం కష్టం, కష్టమూ కాదు సులభమూ కాదు, కొంచెం సులభం, చాలా సులభం: ఇలా రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. మధ్య మెట్టుకు "పర్వాలేదు" అని రాసే అలవాటు మానండి. మన మాటల్లో పర్వాలేదంటే సరిపెట్టుకోవచ్చు, బాగానే ఉంది అన్నట్టు, కాబట్టి అది మంచి వైపుకే మొగ్గుతుంది. "ఈ యాప్ సులభంగా ఉంది: ఏకీభవిస్తాను, ఏకీభవించను" అన్న పద్ధతి కూడా ఔననేవారిని పెంచుతుంది. కష్టమా సులభమా అని నేరుగా అడగడమే మేలు.

"మా యాప్‌ను మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 వరకు" అన్న ప్రశ్న పెట్టమని మా మేనేజరు అంటున్నారు. పెట్టాలా?

ఇది నెట్ ప్రమోటర్ స్కోరు. 2003లో ఫ్రెడ్ రైచ్‌హెల్డ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని పరిచయం చేశారు. 9, 10 ఇచ్చినవారి శాతం నుంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవారి శాతం తీసేస్తారు, 7, 8 ఇచ్చినవారు ఎటూ లెక్కకు రారు. మన దగ్గర ఇబ్బంది ఏమిటంటే, చదువుల వల్ల అందరికీ మార్కుల భాష వంటబట్టింది. నూటికి 60 వస్తే ఫస్ట్ క్లాస్ అని పెరిగిన మనిషి 6 ఇస్తే, అది ఆయన లెక్కలో మెచ్చుకోలు, స్కోరు లెక్కలో ఫిర్యాదు. ఇంకొకటి, వేరే దారే లేని సేవకు సిఫారసు అన్నమాటే పొసగదు. కరెంటు బిల్లు కట్టే యాప్‌ను స్నేహితుడికి సిఫారసు చేస్తారా అంటే ఏం చెబుతారు? మేనేజరు గారికి ఆ అంకె తప్పనిసరైతే పెట్టండి. దాని కింద "ఈ అంకె ఇవ్వడానికి ముఖ్య కారణం ఏమిటి?" అని కూడా అడగండి. మీకు పనికొచ్చేది ఆ రెండో జవాబే.

సిద్ధంగా ఉన్న ప్రశ్నావళి ఏదైనా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. ఎక్కువగా వాడేది సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, ఒక ఉత్పత్తి వాడటానికి ఎంత సులువో కొలిచే ప్రశ్నావళి. జాన్ బ్రూక్ 1986లో రూపొందించారు. పది వాక్యాలు, ఒక్కోదానికి ఐదు మెట్లు. బేసి సంఖ్య వాక్యాలు మంచిని, సరి సంఖ్య వాక్యాలు చెడును చెబుతాయి. బేసి వాక్యాల మార్కులోంచి 1 తీసేయాలి, సరి వాక్యాలకు 5 లోంచి మార్కు తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. ఒకరు బేసి వాక్యాలన్నిటికీ 4, సరి వాక్యాలన్నిటికీ 2 ఇస్తే ఒక్కోదానికి 3 చొప్పున 30 వస్తుంది, స్కోరు 75. ఇది నూటికి 75 శాతం కాదు. చాలా ఉత్పత్తుల సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి దానితో పోల్చి చూస్తారు.

తెలుగులో వాడేటప్పుడు సరి వాక్యాల దగ్గర జాగ్రత్త. వరుసగా ఐదు వాక్యాలు అటూ ఇటూ తిరిగేసరికి కొందరు గమనించకుండా ఒకే వైపు నొక్కుతారు. అనువాదం చేశాక కొందరిచేత చదివించి, వారు చెప్పదలచుకున్నదీ నొక్కినదీ ఒకటేనా చూడండి.

వయసు, ఖర్చు వంటి వాటికి ఆప్షన్లు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఒకదాని మీద ఒకటి పడకూడదు. 18–25, 25–35 అని ఉంటే పాతికేళ్ల మనిషి రెండింటిలోనూ ఉంటారు. ఎవరూ మిగిలిపోకూడదు, అందుకు "వేరే కారణం", "నాకు వర్తించదు", "గుర్తు లేదు" అవసరమైనచోట ఉంచండి. ఆ గడులు లేకపోతే తెలియనివారూ ఏదో ఒకటి నొక్కుతారు.

జవాబు రాసే ఖాళీ గడులు ఎన్ని పెట్టాలి?

ఒకటి, మహా అయితే రెండు. ఫోనులో తెలుగు టైపు చేయడం చాలామందికి శ్రమ, కొందరు తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. ఏ లిపిలో రాసినా ఫర్వాలేదని గడి పైన చెప్పండి. వాట్సాప్ ద్వారా సర్వే చేస్తుంటే వాయిస్ మెసేజ్ పంపమనవచ్చు. మాటల్లో చెప్పినప్పుడు వచ్చే వివరం టైపు చేసినప్పుడు రాదు.

## భాష

తెలుగులో అడగాలా, ఇంగ్లిషులోనా?

వాడేవారు ఇంట్లో మాట్లాడే భాషలో అడగండి. తిరుపతికి తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చే భక్తులు ఎంతోమంది, కుప్పం వైపు ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. అలాంటిచోట తెలుగు ఫారమ్ ఒక్కటే పెడితే కొందరిని గడప దగ్గరే ఆపినట్టు. తమిళం, కన్నడం ఫారమ్‌లు సిద్ధం చేసేటప్పుడు ఒకరు అనువదించాక, మూలం చూడని మరొకరిచేత తిరిగి తెలుగులోకి రాయించండి. రెండు తెలుగు ప్రశ్నలూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో బయటపడుతుంది.

తెలుగు ప్రశ్నల్లో యాప్ తెర మీద ఉన్న మాటలే వాడండి. బటను మీద "బుక్ చేయండి" అని ఉంటే ప్రశ్నలో "నమోదు ప్రక్రియ" అనకండి. లాగిన్, ఓటీపీ, టికెట్ అందరికీ తెలిసినవే, వాటికి కొత్త పేర్లు వెతికితే అర్థం కానిది మీ యాపో మీ ప్రశ్నో తేలదు.

చదవడం రానివారిని సర్వేలో ఎలా చేర్చాలి?

పక్కన కూర్చుని చదివి వినిపించండి. అందరికీ అవే మాటలు, అదే క్రమంలో. మధ్యలో సొంత వివరణ చేరిస్తే ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడిగినట్టే. వినేవారికి చివర విన్న ఆప్షను గుర్తుండి అదే చెప్పే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆప్షన్లు మూడు నాలుగుకు మించకుండా చూసుకుని, మనిషి మనిషికీ వాటి వరుస మార్చండి. కష్టం, సులభం వంటి మెట్ల స్కేలైతే వరుస చెదరకుండా, ఏ కొస నుంచి మొదలుపెట్టాలో మాత్రమే మార్చండి.

ఎవరు అడుగుతున్నారు, ఎక్కడ అడుగుతున్నారు అన్నది ఇక్కడ మాటల కంటే ముఖ్యం. పాల ధర వెన్న శాతాన్ని, ఎస్ఎన్ఎఫ్‌ను (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతాన్ని) బట్టి నిర్ణయమవుతుంది. ఆ అంకెలు చూపే యాప్ గురించి పాలు పోసే మహిళలను పాల సేకరణ కేంద్రంలోనే, పాలు కొలిచే మనిషి వింటుండగా "అంకెలు సరిగ్గా కనిపిస్తున్నాయా?" అని అడిగితే, రేపు మళ్లీ అదే మనిషికి పాలు పోయవలసిన ఆమె ఏం చెబుతుంది? ఆ సర్వే ఆమె ఇంటి దగ్గర, కేంద్రంతో సంబంధం లేని మనిషి, వీలైతే మరొక మహిళ చేయాలి. ఆమె పేరు మీ కాగితంలో ఉండదని ముందే చెప్పి, నిజంగానే రాయకుండా ఉండాలి.

## పంపే ముందు

ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

తోటి విద్యార్థులకు చూపిస్తే అక్షరదోషాలు దొరుకుతాయి. అర్థం దోషాలు దొరకాలంటే యాప్ నిజంగా వాడే కొద్దిమందిని కూర్చోబెట్టి, జవాబు ఇచ్చాక రెండు మాటలు అడగండి: "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?", "ఏ సందర్భాన్ని తలచుకుని ఈ జవాబు ఇచ్చారు?"

"దర్శనానికి ఎంత సమయం పట్టింది?" చూడటానికి ఇంతకంటే సూటి ప్రశ్న ఉండదు. కానీ ఒకరు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులోకి వెళ్లినప్పటి నుంచి లెక్కపెడతారు. మరొకరు బయట లైనులో చేరినప్పటి నుంచి, ఇంకొకరు అలిపిరిలో మొదటి మెట్టు ఎక్కినప్పటి నుంచి. టోకెన్ ఉన్నవారు అందులో రాసిన సమయం నుంచి లెక్కిస్తే, మరికొందరు ఆ టోకెన్ కోసం నిలబడిన గంటలు కూడా కలుపుతారు. అందరూ నిజమే చెప్పారు, ఆ అంకెల సగటుకు మాత్రం అర్థం లేదు. "క్యూ లైనులో చేరినప్పటి నుంచి స్వామి దర్శనం అయ్యేవరకు" అని రెండు కొసలూ కట్టేస్తే ప్రశ్న నిలబడుతుంది. ఇలాంటివి ఇంట్లో కూర్చుని ఊహిస్తే తట్టవు, అడిగితే మొదటి కొద్దిమందిలోనే బయటపడతాయి. మార్చిన ప్రశ్నను మళ్లీ వేరేవారి మీద పరీక్షించండి.

ప్రశ్నల క్రమానికి పద్ధతి ఉందా?

ముందు, ఈ సర్వే వారికి వర్తిస్తుందో లేదో తేల్చే ప్రశ్న. తర్వాత మొత్తం అనుభవం, ఆపైన ఒక్కో దశ. ఓటీపీ గురించి అడిగిన వెంటనే మొత్తం యాప్ ఎలా ఉందంటే ఆ ఓటీపీయే కళ్ల ముందు ఉంటుంది. వయసు వంటివి చివరికి ఉంచండి.

ఫోను నంబరు, ఆధార్ తీసుకోవచ్చా?

ఆధార్ మీ సర్వేకు అవసరమే లేదు, అడగకండి. మళ్లీ మాట్లాడటానికి నంబరు కావాలంటే వేరే ఫారమ్‌లో, ఇష్టమైనవారి నుంచే తీసుకోండి, అప్పుడు జవాబులకూ మనిషికీ ముడి ఉండదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి మీద తీసుకునే సమాచారానికి ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. గూగుల్ ఫారమ్స్‌లో ఈమెయిలు సేకరించే సెట్టింగు ఆపి ఉందో లేదో పంపే ముందు చూసుకోండి.

## పంపేటప్పుడు

లింకును వాట్సాప్ గ్రూపుల్లో వేస్తే సరిపోతుందా?

ఆ గ్రూపుల్లో లేనివారు ఎవరో రాసుకోండి. యాప్ అర్థం కాక ఒక్కసారితో వదిలేసినవారు, ఇంట్లో ఒకే ఫోను ఉన్నవారు, పిల్లలచేత బుక్ చేయించుకునే పెద్దలు. మీకు అత్యవసరంగా కావలసిన జవాబులు వారి దగ్గరే ఉన్నాయి. వారికోసం మీరే వెళ్లాలి. తిరుపతిలో భక్తులు బస చేసే విష్ణునివాసం బయటో, బస్టాండులోనో అడిగేటప్పుడు ఖాళీగా, నవ్వుతూ కనిపించినవారిని ఎంచుకోకుండా, తలుపు దాటి వచ్చే ప్రతి పదో మనిషిని అడగడం వంటి నియమం పెట్టుకోండి. శనివారం వచ్చేవారు, మంగళవారం వచ్చేవారు ఒకరే కారు. ఉదయం, రాత్రి కూడా అంతే. ఎంతమందిని అడిగారో, ఎంతమంది కాదన్నారో రెండూ రాసిపెట్టండి.

జవాబు ఇచ్చినవారికి ఏదైనా ఇవ్వవచ్చా?

చిన్నది, అందరికీ సమానంగా ఇవ్వవచ్చు. మంచి రేటింగు ఇస్తేనే ఇస్తామన్న భావన ఎక్కడా రాకూడదు.

## జవాబులు వచ్చాక

సగటు 5కు 4.1 వచ్చింది. యాప్ బాగున్నట్టేనా?

సగటు చూసే ముందు ఏ మెట్టుకు ఎంతమందో చూడండి. పదిమందిలో ఏడుగురు 5, ముగ్గురు 2 ఇచ్చినా సగటు 4.1 వస్తుంది. ఆ ముగ్గురూ చిన్న తెర ఫోను వాడేవారో, తెలుగు తెర ఎంచుకున్నవారో అయితే మీ పని అక్కడుంది. 30 మందినే అడిగినప్పుడు "60 శాతం" అనకుండా "30 మందిలో 18 మంది" అని రాయండి, చదివేవారికి ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఎదురుగా అడిగిన జవాబులనూ, ఫోనులో ఒంటరిగా నింపిన జవాబులనూ విడివిడిగా లెక్కించి చూడండి. ఎదురుగా అడిగినవి ఎత్తుగా ఉంటే అందులో మొహమాటం పాలు ఉండవచ్చు.

సగం జవాబులు వచ్చాక ఒక ప్రశ్న తప్పుగా ఉందని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్నను సరిచేసి, మార్చిన తేదీ రాసిపెట్టండి. పాత ప్రశ్నకు వచ్చిన జవాబులను కొత్తవాటితో కలపవద్దు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. పాతవాటిలో పనికొచ్చేది ఏమీ లేకపోతే ఆ ఒక్క ప్రశ్న వరకు వదిలేయండి, మిగతా జవాబులు చెల్లుతాయి. నివేదికలో పాత మాటలు, కొత్త మాటలు రెండూ ఉన్నవి ఉన్నట్టు చూపించి, ఏ తేదీ నుంచి ఎంతమందిని కొత్త ప్రశ్న అడిగారో పక్కనే రాయండి.